పుస్తకంలో ఒకటి, తెరమీద ఇంకొకటి: లినక్స్ నేర్చుకునే దారి చెప్పండి

కృష్ణాతీరం
నా ల్యాప్‌టాప్‌లో మొన్నటి దాకా విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు వెళ్దామంటే నాది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్. అర్హత ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. యంత్రం నిక్షేపంగా ఉంది, పారేయడానికి మనసు ఒప్పలేదు. మా మేనల్లుడు వచ్చినప్పుడు విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 వేయించుకున్నాను. వాడు వేసి పుణె వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిందని ఒక లావుపాటి ఇంగ్లీషు గైడు చేతిలో పెట్టాడు. "ఇది చదువుకో అత్తా, నీకు కావలసినవన్నీ ఉన్నాయి" అన్నాడు.

శ్రద్ధగా మొదలుపెట్టాను. అందులో ఉన్నది నా తెరమీద లేదు. ఆ పుస్తకం లినక్స్‌లోనే ఇంకో రకమైన ఉబుంటు 12.04 కోసం రాసింది. బొమ్మలో గుర్తుల వరుస ఎడమ అంచున నిలువుగా ఉంటే, నాకు కింద అడ్డంగా ఉంది. విండో మూసే గుర్తు బొమ్మలో ఎడమవైపు, నాకు కుడివైపు. మూడో అధ్యాయంలో నొక్కమన్న బొత్తాం ఎంత వెతికినా కనిపించలేదు.

ఉద్యోగమంతా తెలుగు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. పుస్తకం పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ నేర్చుకోవడమే నాకు అలవాటు. తెలుగు టైపు చేయాలి, పాత ఫైళ్లు తెరవాలి, మా బడి పాత పత్రికలు స్కాన్ చేసి భద్రపరచాలి. ఈ పుస్తకంతోనే ముందుకు పోవాలా, మూలన పెట్టాలా?

టెర్మినల్_తాత
12.04 అంటే 2012 ఏప్రిల్. ఉబుంటు విడుదలల్లో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. అప్పట్లో దాని ముఖరూపం పేరు యూనిటీ. 2017 అక్టోబరులో వచ్చిన 17.10తో దాన్ని వదిలి గ్నోమ్‌కు మారారు. మీ మింట్‌లో ఉన్నది ఆ రెండూ కాదు, సినమన్ అయి ఉంటుంది. కాబట్టి ఆ బొత్తాం దొరకకపోవడంలో మీ తప్పేమీ లేదు.

ఒక్క ప్రశ్న: విండోస్ కూడా పక్కన ఉంచారా, మొత్తం తీసేశారా?

కృష్ణాతీరం
మొత్తం తీసేశాం. ఫైళ్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు.

పల్లె_ప్రోగ్రామర్
టీచరు గారూ, ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. 2012 నాటి బొమ్మలతో 2024లో వచ్చిన వ్యవస్థ నేర్చుకోవడం వల్ల తలనొప్పి తప్ప ఏమీ రాదు. మింట్ 22 పేరుతో వెతికితే కావలసినన్ని వీడియోలు ఉన్నాయి, తెలుగులో కూడా ఉన్నాయి. వాళ్లు ఎక్కడ నొక్కితే మీరూ అక్కడ నొక్కండి. వారంలో చేయి తిరుగుతుంది.

కృష్ణాతీరం
వీడియోలు చూశాను బాబూ. నొక్కేవాళ్ల చేయి నా కన్నుకంటే వేగం. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసేలోపు నా తెరమీద ఇంకేదో తెరుచుకుంటుంది. పైగా ఎందుకు నొక్కుతున్నారో చెప్పేవాళ్లు తక్కువ. ఎందుకో తెలియకుండా నేర్చుకున్నది నాకు నిలవదు.

శారద_గ్రంథాలయం
పల్లె_ప్రోగ్రామర్ గారి మాట సగమే ఒప్పుకుంటాను. నేను కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. కంప్యూటర్ పుస్తకాలు పాతబడ్డాయని తీసేసే పని కూడా నాదే. అందుకే చెబుతున్నాను, పుస్తకమంతా ఒకేసారి పాతబడదు. నిరుటి పంచాంగంలో తిథులు ఈ ఏడాదికి పనికిరావు గానీ, పంచాంగం చూడడం ఎలాగో దానితోనూ నేర్చుకోవచ్చు.

మీ పుస్తకంలో బొమ్మలున్న అధ్యాయాలు దాటేయండి. అందులోనూ బొత్తాం ఎక్కడుందో చెప్పే బొమ్మలకు కాలం చెల్లింది. ఫైళ్ల అమరిక గురించి ఒక అధ్యాయం ఉంటుంది, అది మాత్రం వదలకండి. విండోస్‌లో సి, డి అని డ్రైవ్‌లు ఉంటాయి. ఇక్కడ అన్నిటికీ మొదలు ఒక్క ఏటవాలు గీత. దాని కింద హోమ్, దానిలో మీ పేరుతో ఒక ఫోల్డరు. మీ సొంత ఫైళ్లన్నీ అక్కడే. ఈటీసీ అనే ఫోల్డరులో వ్యవస్థ అమరికలు ఉంటాయి. పెన్‌డ్రైవ్ పెడితే కొత్త అక్షరం రాదు, ఆ చెట్టుకే ఒక కొమ్మగా వచ్చి చేరుతుంది. ఈ అమరిక 2012లో ఎలా ఉందో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది.

తర్వాత అనుమతుల అధ్యాయం. ప్రతి ఫైలుకూ సొంతదారు, బృందం, మిగతావాళ్లు అని మూడు వర్గాలు. ఒక్కో వర్గానికి చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. ఇది లినక్స్‌కు మాతృక అయిన యూనిక్స్ కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా), సీపీ (నకలు), ఎంవీ (చోటు మార్పు) లాంటి ఆదేశాలు 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టాయి, ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లోనూ అవే పేర్లతో పనిచేస్తాయి. పుస్తకం రాసినవారు వీటిని సరిగ్గా వివరించి ఉంటే, ఆ పేజీలకు ఇంకా చాలా ఆయుష్షు ఉంది.

ఇంకో సంగతి. లినక్స్‌లో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు వేరు వేరు. ఇంగ్లీషులో పెద్ద అక్షరంతో మొదలయ్యే పేరూ, చిన్న అక్షరంతో మొదలయ్యే అదే పేరూ రెండు వేర్వేరు ఫైళ్లు. విండోస్ నుంచి వచ్చినవాళ్లు మొదట ఇక్కడే ఆగిపోతారు.

డల్లాస్_బాబాయి
శారద గారి మాటకు నాది ఒక గట్టి హెచ్చరిక. పాత పుస్తకంలో ఒక భాగం ఉత్తినే పనికిరాకపోవడం కాదు, హాని చేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి దించుకోవాలో రాసి ఉండే జాబితా ఒకటుంటుంది. దానిలో ఫలానా వరుస చేర్చండి అని మీ గైడు చెబుతుంది. ఆ వరుసలో ప్రిసైజ్ అనే మాట ఉంటుంది, అది 12.04కు ముద్దుపేరు. మీ మింట్ 22కు ఆధారం ఉబుంటు 24.04, దాని ముద్దుపేరు నోబుల్. ప్రిసైజ్ అని ఉన్న ఏ వరుసనూ మీ యంత్రంలో చేర్చవద్దు. చేరిస్తే ఒకదానికొకటి పొసగని ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, వచ్చి కూర్చుంటాయి. ఆ అధ్యాయం మొదటి పేజీ మీద పెన్సిలుతో కాదు, ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టండి అక్కా.

చిన్న తేడాలు ఇంకొన్ని ఉంటాయి. పుస్తకంలో సాఫ్ట్‌వేర్ వేసే ఆదేశం ఆప్ట్-గెట్ అని ఉంటే అది ఇప్పటికీ నడుస్తుంది, ఇప్పుడు ఉత్త ఆప్ట్ అంటే చాలు. నెట్‌వర్క్ వివరాలు చూపే ఇఫ్‌కాన్ఫిగ్ అని ఉంటే చాలాచోట్ల ముందుగా ఉండదు, దాని పనిని ఇప్పుడు ఐపీ అనే ఆదేశం చేస్తుంది.

పల్లె_ప్రోగ్రామర్
ఇదే నేను చెప్పేది. ఏ పేజీ మంచిదో, ఏ పేజీ ప్రమాదమో తెలిసినవాడికి అసలు ఆ పుస్తకమే అక్కర్లేదు. తెలియని మనిషి చేతిలో పెట్టి, ఇది చదువు, అది వదిలేయి అంటే ఎలా?

శారద_గ్రంథాలయం
అందుకే కదా నలుగురం ఇక్కడ ఉన్నాం. టీచరు గారు విషయసూచిక ఫొటో పెడితే ఏ అధ్యాయం ఉంచాలో, ఏది వదలాలో గుర్తు పెట్టి ఇస్తాను.

ఓరుగల్లు_విద్యార్థి
ఏ గైడూ గట్టిగా చెప్పని ముక్క ఒకటి. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే విండోలో, సుడోతో (వ్యవస్థను మార్చే అధికారంతో) ఏదైనా ఆదేశం ఇస్తే పాస్‌వర్డు అడుగుతుంది. మింట్‌లో మామూలుగా అక్షరాల బదులు నక్షత్రాల గుర్తులు కనిపిస్తాయి గానీ, చాలా లినక్స్ వ్యవస్థల్లో మీరు టైపు చేస్తున్నా తెరమీద అక్షరం కాదు కదా, చుక్క కూడా కనిపించదు. అలాంటప్పుడు కీబోర్డు పాడైందని అనుకోకండి. చూడకుండా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. మా హాస్టల్‌లో దీని గురించి కీబోర్డు మార్చేసినవాడు ఉన్నాడు, ఇప్పుడు వాడి దగ్గర రెండు మంచి కీబోర్డులు.

అచ్చుగది
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, తెలుగు మనిషికి అసలు చిక్కు ఎక్కడుందో ఎవరూ ఎత్తలేదు. టీచరు గారు పాత ఫైళ్లు అన్నారు. అవి ఏ ఫాంటులో ఉన్నాయి?

నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. మన దగ్గర పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలోనే తయారయ్యాయి. అవి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం, కావు. ఫైలు లోపల ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. ఆ ఫాంటు ఉన్నచోట వాటి మీద తెలుగు రూపం కనిపిస్తుంది. ఫాంటు లేనిచోట చుక్కలూ గీతలూ అర్థం లేని అక్షరాలూ కనిపిస్తాయి. విండోస్ నుంచి లినక్స్‌కు వచ్చిన తెలుగువాళ్లు మొదటిరోజు దీన్ని చూసి, కొత్త వ్యవస్థ మా ఫైళ్లు పాడుచేసింది అని వెనక్కి వెళ్లిపోతుంటారు. ఫైలు చెక్కుచెదరదు, చూపించే ఫాంటు లేదు, అంతే. అమెరికాలోనో ఇంగ్లండులోనో అచ్చయిన గైడులో ఈ మాట ఉండదు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. మన అవసరానికి మనమే రాసుకోవాలి.

కృష్ణాతీరం
సరిగ్గా అదే! తెరిచి చూసి గుండె ఆగినంత పనైంది. బడి వార్షిక పత్రికకు నేను రాసిన సంపాదకీయాలన్నీ గీతలూ చుక్కలుగా కనిపిస్తున్నాయి. ఫైలు పాడైందనే అనుకున్నాను. దారి ఉందా?

అచ్చుగది
ఉంది. మీరు కొనుక్కున్న ఆ ఫాంటు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఒక్కోదాని మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అనండి. రాతపనికి మింట్‌లో ఉండే లిబ్రేఆఫీస్ మూసి తెరవండి, చాలావరకు చదవడానికి వీలుగా కనిపిస్తాయి. అలా చదవగలరు గానీ వెతకడం, దిద్దడం కుదరదు. అందుకని తీరిక చూసుకుని వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి, మార్చే పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. మార్చిన తర్వాత ఒత్తులూ అంకెలూ ఒకసారి కంటితో చూసుకోండి, తెలుగు టీచరుకు నేను చెప్పాలా.

డీటీపీకి వాడిన పేజ్‌మేకర్ ఫైళ్లు ఉంటే వాటిని లిబ్రేఆఫీస్ డ్రాలో తెరిచి చూడండి. లిబ్రేఆఫీస్ 4.4 నుంచి వాటిని చదివే ఏర్పాటు ఉంది. అచ్చం పాత అమరికే రాకపోవచ్చు, కానీ లోపలి పాఠం చేతికొస్తుంది.

టెర్మినల్_తాత
అచ్చుగది గారి పోస్టు దాచుకోవలసింది. మా ఇంట్లో కూడా ఇలాంటి ఫైళ్లు మూటగట్టి పడి ఉన్నాయి.

ఇందిర_ఇన్‌స్క్రిప్ట్
టైపింగ్ సంగతి నాకు వదిలేయండి. మెనూలో కీబోర్డు అమరికలు తెరిచి, లేఅవుట్లు అనే చోట కూడిక గుర్తు నొక్కి, తెలుగు అని వెతకండి. రెండు మూడు రకాలు వస్తాయి. పక్కన ఏమీ లేకుండా ఉత్త తెలుగు అని ఉన్నదే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక.

ఒక్క మాట టైపు చేసి చూడండి, దాని అందం తెలుస్తుంది. తెలుగు అనే మాటకు ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. త కుడిచేత్తో, ఎత్వం ఎడమచేత్తో. ల కుడి, కొమ్ము ఎడమ. గ కుడి, కొమ్ము ఎడమ. హల్లులు ఎక్కువగా కుడివైపు, గుణింతాలు ఎడమవైపు. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి. ఒత్తు కావాలంటే డి మీట పొల్లు. క్షమ అనాలంటే కె, డి, షిఫ్ట్ పట్టుకుని కామా, తర్వాత సి. ఇదే అమరిక విండోస్‌లోనూ ఉంది, కాబట్టి ఒకసారి నేర్చుకుంటే రేపు ఇంకో వ్యవస్థకు మారినా వేళ్లు మరచిపోవు. భారత ప్రభుత్వ ప్రమాణం కూడా ఇదే. కన్నడ, హిందీలలో కూడా క ఉండేది కె మీట మీదే.

ఓరుగల్లు_విద్యార్థి
అంత నేర్చుకునే ఓపిక లేనివాళ్లకు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతి కూడా ఉంది కదా అక్కా. టైపింగ్ పద్ధతులను నడిపే ఐబస్‌కు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అనే అలాంటి పద్ధతులు రెండూ వస్తాయి. నేను దానితోనే రాస్తాను.

ఇందిర_ఇన్‌స్క్రిప్ట్
ఉంది, మంచిదే. కానీ తెలుగు చదువుకున్న మనిషి ప్రతి మాటనూ ముందు ఇంగ్లీషు అక్షరాల్లో ఊహించుకుని రాయడం నాకు బాధగా ఉంటుంది తమ్ముడూ. టీచరు గారు బళ్లో పిల్లలకు గుణింతం నేర్పినవారు. ఆవిడ చేతికి ఇన్‌స్క్రిప్టే సులువు అవుతుంది, నా మాట నమ్మండి.

రెండు_వ్యవస్థలు
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను విండోస్, మింట్ రెండూ ఒకే యంత్రంలో పెట్టుకున్నాను. మింట్ వాడి, మళ్లీ విండోస్‌లోకి వెళ్తే గడియారం తప్పు చూపిస్తోంది. ఉదయం పది గంటలకు నాలుగున్నర అంటుంది. దుకాణంలో అడిగితే బోర్డు మీది బ్యాటరీ మార్చాలన్నారు, మార్చినా అదే వరస. నా గైడులో దీని ప్రస్తావనే లేదు.

టెర్మినల్_తాత
బ్యాటరీ కాదు. తేడా ఎంతో చూడండి, సరిగ్గా ఐదున్నర గంటలు. మన దేశ కాలానికీ గ్రీనిచ్ కాలానికీ ఉన్న తేడా అది. యంత్రం లోపలి గడియారంలో లినక్స్ ప్రపంచ ప్రమాణ కాలం రాసిపెడుతుంది, తెరమీద మాత్రం ఐదున్నర కలిపి చూపిస్తుంది. విండోస్ ఆ లోపలి అంకెనే స్థానిక కాలం అనుకుంటుంది. ఇద్దరిలో ఒకరిని మరొకరి దారికి తేవాలి. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, సెట్-లోకల్-ఆర్‌టీసీ అని, మళ్లీ ఖాళీ వదిలి 1 అని ఇవ్వండి. అది ఒక హెచ్చరిక చూపిస్తుంది, రెండు వ్యవస్థలున్న యంత్రంలో ఫరవాలేదు.

ఎలాగూ అడిగారు కాబట్టి ఇంకోటి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లోకి వెళ్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు.

రెండు_వ్యవస్థలు
తాతగారూ, గడియారం దారికొచ్చింది. బ్యాటరీ చుట్టూ కారణాలు వెతుకుతూ కూర్చున్నాను. ధన్యవాదాలు.

శారద_గ్రంథాలయం
టీచరు గారూ, మీరు కాగితం మనిషి కాబట్టి ఈ మాట మీకు నచ్చుతుంది. మీ యంత్రం లోపలే ఒక గైడు ఉంది, అది మీ వ్యవస్థతోపాటే వస్తుంది కాబట్టి పాతబడదు. యూనిక్స్ తయారైన తొలినాళ్లలోనే కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని ఆదేశాలకు వివరణ పుటలు రాసిపెట్టారు. యూనిక్స్ ప్రోగ్రామర్ల మాన్యువల్ మొదటి కూర్పు మీద తేదీ 1971 నవంబరు 3. ఆ పుటల అమరికే ఇప్పటికీ నడుస్తోంది. టెర్మినల్ తెరిచి మ్యాన్ అని, ఖాళీ వదిలి సీపీ అని కొట్టండి. బయటికి రావాలంటే క్యూ నొక్కాలి, ఇది ముందే చెప్పకపోతే లోపలే చిక్కుకుంటారు.

ఆ పుట చదవడానికి ఒక పద్ధతి ఉంది. మొదట ఆదేశం పేరు, ఒక్క వాక్యంలో దాని పని. తర్వాత వాడే తీరు. అందులో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది ఇష్టముంటే ఇవ్వవచ్చు, లేకపోతే మానవచ్చు. మూడు చుక్కలుంటే, ముందున్నదాన్ని ఎన్నిసార్లయినా ఇవ్వవచ్చు. సీపీ పుటలో ఒక వరుసలో సోర్స్ తర్వాత చుక్కలుంటాయి, డైరెక్టరీ తర్వాత ఉండవు. అంటే నకలు తీసే ఫైళ్లు ఎన్నయినా కావచ్చు, చేరవలసిన చోటు ఒక్కటే. చూడండి, ఎంత పొదుపైన వ్యాకరణమో! కింద ఐ అనే ఐచ్ఛికం కనిపిస్తుంది. అది పెట్టకపోతే అదే పేరుతో ఉన్న పాత ఫైలు మీద అడగకుండా రాసేస్తుంది, పెడితే ముందు అడుగుతుంది. మీ సంపాదకీయాలు నకలు తీసేటప్పుడు తప్పకుండా పెట్టండి.

పల్లె_ప్రోగ్రామర్
శారద గారూ, మీ వివరణ నిజంగా బాగుంది, నేనూ చుక్కల సంగతి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. కానీ ఆవిడకు కావలసింది టైపింగ్, స్కానింగ్. టెర్మినల్ తెరవకుండానే మింట్‌లో అవన్నీ జరుగుతాయి. ఫైలు నకలు తీయడానికి మౌసు చాలు. మొదటి నెలలోనే ఆదేశాల జోలికి తీసుకెళ్తే జనం భయపడి పారిపోతారు. లినక్స్ మనవాళ్లలోకి వెళ్లకపోవడానికి సగం కారణం ఈ పద్ధతే.

టెర్మినల్_తాత
భయం ఆదేశాల వల్ల రాదు, పాడైతే ఎలా అన్న దిగులు వల్ల వస్తుంది. దానికి మందు మింట్‌లోనే ఉంది. టైమ్‌షిఫ్ట్ అనే పరికరం తెరిచి, వ్యవస్థ బాగున్న రోజున ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచండి. ప్రయోగాలు చేసి ఏదైనా చెడితే ఆ రోజు స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకోండి, మామూలుగా అది వ్యవస్థను మాత్రమే దాస్తుంది, మీ హోమ్ ఫోల్డరులోని రాతల్ని దాయదు. వాటికి విడిగా పెన్‌డ్రైవ్ నకలు ఉండాల్సిందే.

కొచ్చి_తెలుగు
పుస్తకమా, వీడియోనా అన్న వాదన చదువుతుంటే ఇక్కడి సంగతి చెప్పాలనిపించింది. మేం ఉద్యోగరీత్యా కేరళలో ఉంటాం, మా అమ్మాయి ప్రభుత్వ పాఠశాలలో చదువుతోంది. ఇక్కడ బడులకు కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా తయారుచేసిన వ్యవస్థను ఇస్తుంది. ఐటీ పాఠ్యపుస్తకాలు కూడా ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చుట్టూనే రాస్తారు. అంటే పిల్ల చేతిలోని పుస్తకంలో ఏ బొమ్మ ఉందో, బడి కంప్యూటర్‌లో అదే ఉంటుంది. టీచరు గారికి ఎదురైన ఇబ్బంది మా అమ్మాయికి లేదు. పుస్తకాన్ని, వ్యవస్థను కలిపి తయారుచేస్తే పుస్తకంతో నేర్చుకోవడం ఎంత హాయిగా ఉంటుందో కళ్లారా చూస్తున్నాను.

అచ్చుగది
మన దగ్గర కూడా ప్రయత్నం జరగకపోలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు మెనూలన్నీ తెలుగులోకి తెచ్చి డెబియన్ అనే లినక్స్ ఆధారంగా ఒక వ్యవస్థ విడుదల చేశారు. కేంద్రం తరఫున సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ చేసిన బాస్ అనే వ్యవస్థ కూడా డెబియన్ మీదే నడుస్తుంది. లోటల్లా, వాటికి దీటుగా ఒక మంచి తెలుగు గైడు ప్రతి విడుదలకూ రాకపోవడమే.

డల్లాస్_బాబాయి
తెలుగు మెనూ పెట్టుకుని ఇంగ్లీషు గైడు చదివితే మాత్రం మళ్లీ పాత కథే. గైడు ఏ భాషలో ఉంటే మెనూ కూడా ఆ భాషలో ఉంచుకోండి, చేయి తిరిగాక మార్చుకోవచ్చు. మింట్ వాళ్ల స్థాపన గైడు ఉచితంగా దొరుకుతుంది, అచ్చు తీయించుకోండి. 22 వరుసకు 2029 దాకా సవరణలు వస్తాయి, కాబట్టి ఆ కాగితాలు కొన్నాళ్లు పనికొస్తాయి.

కృష్ణాతీరం
అందరి మాటా విన్నాను, శారద గారు గుర్తు పెట్టిన విషయసూచికను పుస్తకం అట్ట లోపల అంటించాను. ఫైళ్ల అమరిక, అనుమతులు పూర్తిచేశాను. అనుమతుల అధ్యాయం చదివినప్పుడు, ఇది ఎవరో చాలా ఆలోచించి కట్టిన ఇల్లని అనిపించింది. పాత ఫాంటు పెన్‌డ్రైవ్‌లోనే దొరికింది అచ్చుగది గారూ, సంపాదకీయాలు మళ్లీ చదువుకున్నాను. ఇందిర గారూ, ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి!

కొత్త చిక్కు వచ్చింది. లిబ్రేఆఫీస్‌లో తెలుగు రాస్తుంటే ప్రతి మాట కింద ఎర్ర గీత వస్తోంది. అక్షరం పరిమాణం శైలుల్లో 14 అని మార్చినా తెలుగు మాత్రం పెరగడం లేదు, ఇంగ్లీషే పెరుగుతోంది.

అచ్చుగది
రెండింటికీ మూలం ఒకటే. లిబ్రేఆఫీస్ తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో పెడుతుంది. ఇంగ్లీషుకు ఒక ఫాంటు, ఒక పరిమాణం, ఒక భాష. తెలుగుకు అవే మూడూ విడిగా. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల అమరికల్లో సంక్లిష్ట లిపి పక్కన తెలుగు ఎంచుకోండి. తర్వాత శైలి దిద్దేటప్పుడు ఫాంటు పేజీలో రెండో గడి కూడా ఉంటుంది, 14 అని అక్కడ పెట్టండి. ఎర్ర గీతలకు హన్‌స్పెల్-టీఈ అనే నిఘంటువు ప్యాకేజీ వేసుకోండి. అయితే మన సంధులూ సమాసాలూ దానికి అన్నీ తెలియవు, సరైన మాట కింద కూడా అప్పుడప్పుడు గీత పెడుతుంది. అక్కడ మీ తీర్పే తుది తీర్పు.

కృష్ణాతీరం
కుదిరింది. ఇక మిగిలింది బడి పత్రికల స్కానింగ్. స్కాన్ చేసి బొమ్మలుగా దాచడమేనా, వాటిలోంచి అక్షరాలు తీయవచ్చా? 1980ల నాటి పుటలు, అచ్చు బాగానే ఉంది.

శారద_గ్రంథాలయం
తీయవచ్చు, మా గ్రంథాలయంలో చేస్తున్నాం. మింట్‌లో డాక్యుమెంట్ స్కానర్ ముందే ఉంటుంది. దాని అమరికల్లో పాఠం రిజల్యూషన్ 300కు పెంచండి, తక్కువైతే ఒత్తులు చెదురుతాయి. దాచేటప్పుడు పీడీఎఫ్‌గా కాకుండా పీఎన్‌జీగా దాచండి. అక్షరాలు గుర్తించే టెసెరాక్ట్‌ను, దానికి తెలుగు భాష ప్యాకేజీని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకోండి.

కృష్ణాతీరం
ఒక పుట చేసి చూశాను. పద్యం పుట చాలావరకు సరిగ్గా వచ్చింది, ఆనందం పట్టలేకపోయాను. వార్తల పుట మాత్రం రెండు నిలువు వరుసలు. ఎడమ వరుసలో మొదటి పంక్తి, కుడి వరుసలో మొదటి పంక్తి కలిసిపోయి వస్తున్నాయి.

పల్లె_ప్రోగ్రామర్
దీనికి టెర్మినల్ అక్కర్లేదు టీచరు గారూ. జీఇమేజ్‌రీడర్ వేసుకోండి, లోపల నడిచేది టెసెరాక్టే. పుటను అందులో తెరిచి, ఎడమ వరుస చుట్టూ మౌసుతో ఒక గడి గీయండి. కంట్రోల్ మీట పట్టుకుని కుడి వరుస చుట్టూ రెండోది గీయండి. భాష తెలుగు అని ఎంచుకుని గుర్తించమనండి. మీరు గడులు గీసిన క్రమంలోనే అక్షరాలు వస్తాయి.